తోకల కారు తోలినవాడు

ఏంటీ, పెళ్ళికి ముందు ఫోటోలా? పెళ్ళయ్యాక తీసిన ఆల్బమ్ములే ఎవడూ తెరవడం లేదు కదయ్యా, ముందువెవడు చూస్తాడూ? సరేలే, కూర్చో. కొత్తపేటలో స్టూడియో భాస్కర్ కొడుకువి కదూ? ఆ ముక్కు చూస్తేనే తెలుస్తోంది. బండి మీద కప్పిన ఆ పట్టా లాగి చూడు. లోపల కోడిగాని పొదుగుతూ ఉంటే కాస్త దూరంగా ఉండి అదిలించు, పొడుస్తుంది. ఆఁ, అదీ. యాభైతొమ్మిది మోడలు, అమెరికా బండి, టాపు తీసేసుకునే రకం. కదలదు, ముందే చెబుతున్నాను. నిలబెట్టి తీసుకుంటానంటే నాకేం అభ్యంతరం లేదు. నేనూ కదలకుండా కూర్చున్నవాణ్ణే, మా ఇద్దర్లో అదే నయం, దానికి మెరుపైనా ఉంది. ఎవరు తోలేవారండీ అంటావా? ఊళ్ళో ఎవర్నడిగినా బంగారరాజుగారే తోలేవారండీ అంటారు, నేను ఎదురుగా ఉంటే. తోలినవాడు దానం. మా ఊరవతల పేటలో ఇంజిన్ల దానం అనేవారు. పోయి ఇరవై ఏళ్ళవుతోంది. అప్పట్లో మా ఇళ్ళల్లో అందరం 'వాడు, వాడు' అనేవాళ్ళం, ఇప్పుడు నోరు రావటం లేదు, అందుకని దానం అనే అంటాను.

దీన్ని మా నాన్నగారు మద్రాసులో కొన్నారు. ఎవరో దొర దేశం వెళ్ళిపోతూ అమ్మేస్తుంటే, కొబ్బరి లోడు అమ్మడానికి వెళ్ళిన మనిషి కారు కొనుక్కొచ్చేరు. అదీ మా వంశం తెలివి. పద్దెనిమిది అడుగుల బండి, మన గట్టురోడ్డు పది అడుగులు. వెనక్కి తిప్పాలంటే కొత్తపేట దాకా వెళ్ళి తిప్పుకు రావాలి. గోదావరి దగ్గర పంటు పడవ మీద ఎక్కిస్తే వెనక ఈ రెండు రెక్కలూ నీళ్ళమీదకి వచ్చేయంట, అది చూసి మనవాళ్ళు తోకల కారని పేరెట్టేరు. నాలుగేళ్ళు తిరిగింది, తరవాత లోపల ఏదో విరిగింది, కొబ్బరికొట్లోకి నెట్టేరు. నాన్నగారు పోయేరు. ముప్ఫై ఏళ్ళు దాని మీద కాయలు పోసేం, దాని లోపల కోళ్ళు గుడ్లు పెట్టేయి. తొంభైఆరు తుఫాను వచ్చింది చూడు, నువ్వు పుట్టలేదులే, ఆ తుఫానుకి కొట్టు కప్పు ఎగిరిపోయింది, తోటలో మూడొంతుల చెట్లు నేలబడ్డాయి. పడ్డ చెట్లు కోయడానికి ఇంజిను రంపం పట్టుకుని దానం వచ్చేడు. పెంకుల కుప్పలోంచి ఈ తోక ఒకటి పైకి కనిపించింది. రంపం ఆపేసి అలా నిలబడిపోయేడు. నేను గట్టుమీద కూర్చుని ఏడుస్తున్నాను. దగ్గరికొచ్చి, "రాజుగారూ, ఇది బతుకుతాదండి" అన్నాడు. చెట్ల గురించి ఓదారుస్తున్నాడనుకుని తలూపేను.

రెండున్నరేళ్ళు పట్టింది. నీళ్ళ ఇంజిన్లూ, పడవ ఇంజిన్లూ బాగుచేసే చెయ్యి దానంది. ఆదివారం చర్చి అవ్వగానే చొక్కా మార్చుకుని వచ్చేసేవాడు, దీపాలవేళకి వెళ్ళేవాడు. తుప్పు తిన్న రేకంతా కోసి కొత్త రేకు అతికేడు. టాపు అంతర్వేదిలో తెరచాపలు కుట్టే సాలమోను చేత కుట్టించేడు. సీట్లలో మన కొబ్బరి పీచే కూరించేడు. బంపర్లకి మెరుపుపూత వేయించాలని గోనెల్లో చుట్టి బస్సు టాపు మీద వేసుకుని రాజమండ్రి వెళ్ళొచ్చేడు. మరి నేనేం చేసేననుకున్నావ్? కుర్చీ వేసుకుని కూర్చుని 'అదేంటి, ఇదేంటి' అని అడిగేవాణ్ణి. రంగు మాత్రం నేను చెప్పేను, ఆకాశం రంగు వెయ్యమని. ఆ ఒక్క మాట పట్టుకుని, 'మేం బాగుచేసేమండీ' అని అమలాపురం దాకా చెప్పుకున్నాను.

ఓ ఆదివారం, పని ఇంక అయిపోవస్తోందనగా, చేతులు తుడుచుకుంటూ అన్నాడు: "నాకేం వద్దండి. మా సలోమికి సంబంధం కుదిరేలా ఉందండి. పెళ్ళినాడు పిల్లని ఈ బండిలో చర్చికి తీసుకెళ్తానండి. టాపు తీసేసి. పేటలోంచి మీ వీధిమీదుగా." అదేం కోరికయ్యా అన్నాను. "మీ నాన్నగారు ఈ బండి తెచ్చినప్పుడు మా అయ్య దీని ముందు పరిగెత్తేవాడండి, గట్టుమీద కోళ్ళనీ మేకల్నీ తోలడానికి. నాలుగేళ్ళు పరిగెత్తేడండి. ఒక్కసారీ ఎక్కలేదు" అన్నాడు. కోపంగా అనలేదు. కాలువలో నీళ్ళొచ్చేయండీ అన్నట్టుగా అన్నాడు. దానికేం దానం, అలాగే తీసుకెళ్ళు, నీదే అనుకో అన్నాను. మాటిచ్చేటప్పుడు మనం కర్ణుళ్ళమే కదా.

తొంభైతొమ్మిది దసరాకి బండి బయటికొచ్చింది. మొదటి ప్రయాణం అమలాపురం. ఇటు చూడు, ఈ బండికి స్టీరింగు ఎడంపక్కుంది. మన బండ్లలో తోలేవాడు కుడిపక్క కూర్చుంటాడు. దానం ఎడంపక్క కూర్చుని తోలుతున్నాడు, నేను కుడిపక్క సిల్కు లాల్చీ వేసుకుని కూర్చున్నాను. గడియారస్తంభం దగ్గర మా నరసింహమూర్తి మాస్టారు, పాపం చూపు ఆనని మనిషి, రోడ్డుకవతల్నించి చెయ్యూపి, "ఏం తోలుతున్నారండీ రాజుగారూ, విమానంలాగా!" అని అరిచేరు. కాదండీ, తోలేది దానం అనాలి. ఎంతసేపు పడుతుందయ్యా ఆ మాట? అనలేదు. చెయ్యెత్తి దణ్ణం పెట్టేను. అంతే, అక్కణ్ణుంచి నేను డ్రైవర్ని. తిరుగుప్రయాణంలో కొత్తపేట చేరకముందే నా చేతులు వాటంతటవే ముందున్న కమ్మీ మీదకి వెళ్ళిపోయేయి. మలుపొస్తే ఇలా తిప్పడం, కోడి అడ్డమొస్తే కాలు నొక్కడం. ఏభై రెండేళ్ళవాణ్ణి, పేరున్న రైతుని, సిగ్గుండాలి కదా! అప్పుడు లేదు.

టీ హోటల్లో కూర్చోబెట్టి అడిగేవారు, అంత బండి ఎలా మళ్ళిస్తారండీ అని. క్లచ్చి సున్నితంగా తొక్కాలండీ, అదే కిటుకు అని గంట చెప్పేను. బయటికొచ్చేక దానం చెవిలో అన్నాడు, "ఈ బండికి క్లచ్చుండదండి రాజుగారూ." స్కూలు పిల్లలు అడిగేరు, మరి ఆ స్టీరింగు అటుందేంటండీ అని. అది హెల్పరు పట్టుకోడానికిరా, అమెరికాలో తోలేది ఓనరే, హెల్పరు ఊరికే పట్టుకుంటాడు అన్నాను. పిల్లలు 'ఆయ్' అన్నారు. పెద్దలు 'ఆయ్, అలాగాండీ' అన్నారు. మా ఇంటావిడ పార్వతి ఒక్కతే లోపలికి వెళ్ళిపోయేది. అంతా నమ్మేరనుకున్నాను. మన కోనసీమలో మర్యాదకి తలూపడం ఎంత గొప్ప విద్యో, ఇక్కడే పుట్టి పెరిగిన నాకు తెలీలేదు చూడు.

తరవాతి ఫిబ్రవరిలో సలోమి పెళ్ళి. వారం ముందు మా బావమరిది, పేరు చిన్నబ్బాయి, వచ్చి అరుగు మీద కూర్చుని, "బావా, మరి ఆ రోజు నువ్వే తోలతావా?" అన్నాడు. లెక్క వేసుకున్నాను. నేను కుడిపక్క కూర్చున్నానా, రాజుగారు పేట పెళ్ళికి డ్రైవరుగా వెళ్ళేడంటారు. కూర్చోలేదా, బండి దానంతట అది వెళ్ళిపోతుంది, అప్పుడు తోలేదెవరో ఊరంతా చూస్తుంది. కులం సంగతి లేదా అంటే, ఉంది, నీ దగ్గర అబద్ధం ఎందుకు. కాని నిజం చెప్పమంటే దానికన్నా ఎక్కువ బాధ నా డ్రైవరీ పోతుందనే. ఊళ్ళో మనిషికి పరువు ఇలాంటి బోడి విషయాల మీదే నిలబడి ఉంటుంది.

ఈ బండిలో చిన్న ముక్క ఒకటుంది, రోటర్ అంటారు. ఇంత, బొటనవేలంత. బానెట్టు ఎత్తి, నల్లమూత విప్పితే కింద ఉంటుంది. అది తీసేస్తే ఇంజిన్ ఎత్తుకోదు. అమలాపురంలో సినిమాకి వెళ్ళినప్పుడల్లా దానం అది తీసి జేబులో వేసుకునేవాడు, ఎవడూ ఎత్తుకుపోకుండా. ఎలా తియ్యాలో నాకూ చూపించేడు, ఎప్పుడైనా పనికొస్తాదండీ అని. పెళ్ళి ముందురోజు సాయంత్రం పనికొచ్చింది. తీసి లాల్చీ జేబులో వేసుకున్నాను. ఏమీ తెలీనట్టు బండికి బంతిపూలు కట్టించేను కూడా.

పొద్దున్నే దానం కొత్త ప్యాంటు, తెల్లచొక్కాతో వచ్చేడు. వెనకే పేట సగం వచ్చింది, బ్యాండు మేళం వచ్చింది. తాళం తిప్పేడు. కర్ కర్ మంది, ఎత్తుకోలేదు. మళ్ళీ తిప్పేడు. నేను పక్కనే నిలబడి, అయ్యో, నిన్న సాయంత్రం బాగానే ఉందయ్యా అంటున్నాను. బానెట్టెత్తి మూత విప్పేడు. ఒక్క క్షణం చూసేడు. ఆ ముక్క సంగతి ఊళ్ళో తెలిసింది ఇద్దరికే. నా మొహం కేసి చూడలేదు, నా జేబు కేసీ చూడలేదు. మూత పెట్టేసి, బానెట్టు నెమ్మదిగా దించి, అందరి వేపూ తిరిగి, "లేవదండి. పాత బండి కదండీ, నా పనిలోనే ఏదో తేడా వచ్చింది" అన్నాడు. బ్యాండువాళ్ళు నవ్వేరు. ఎవడో, ఊరందరి ఇంజిన్లూ లేపుతావు, కూతురి పెళ్ళికి లేపలేకపోయేవేంటయ్యా అన్నాడు. పిల్ల ఆటోలో వెళ్ళింది చర్చికి. దానం ఆటో పక్కన నడిచేడు. నేనూ వెనకాల నడిచేను, గంభీరంగా, పరామర్శకి వెళుతున్నట్టు.

పెళ్ళయింది, భోజనాలు పెట్టేరు. నాకు పాస్టరుగారి పక్కన కుర్చీ వేసేరు. సలోమి తెల్లచీరతో వచ్చి, "బాధపడకండి రాజుగారూ, మా నాన్న పని ఎప్పుడో ఒకసారి తేడా వస్తుంది కదండీ" అని నన్నే ఓదార్చింది. నర్సు ట్రైనింగయిన పిల్ల, ధైర్యంగా మాట్లాడుతుంది. నవ్వుతూ ఇంకో మాటంది. "మీరు ఇలా ఇలా చేతులు తిప్పేవారు కదండీ. మా నాన్న మీరెటు తిప్పితే అటే తిప్పేవాడండి. ఓసారి మీరు పొరపాటున కుడికి తిప్పేరంట, నేరుగా పోవాల్సిన బండిని తోటలోకి పోనిచ్చి, చుట్టూ తిప్పి తెచ్చేడండి. అదేంటి నాన్నా అంటే, జనం చూస్తున్నారే, రాజుగారి మాట పోతుంది అన్నాడండి." అంటే మీ అందరికీ తెలుసా అమ్మా అన్నాను. "అయ్యో, మా పేటలో చిన్నపిల్లలకి కూడా తెలుసండి" అంది, ఎంతో మర్యాదగా. నా చేతిలో లడ్డూ ఉంది. అది నోట్లో పెట్టుకోవాలో కింద పెట్టాలో తోచలేదయ్యా. అందరికీ తెలిసిన గుట్టు దాచడానికి ఆ పిల్ల కోరిక చెడగొట్టేను. ఎందుకు చెడగొట్టేనో అని చూస్తే ఏమీ లేదు, ఉత్తదే.

అక్కడితో నోరు మూసుకుని ఇంటికెళ్ళి పడుకుంటే బాగుండేది. మనం అలా ఊరుకుంటామా? తిన్నగా వచ్చి బానెట్టెత్తి ఆ ముక్క పెట్టేసేను. కొత్తజంటని నేనే దర్జాగా ఇంటికి తీసుకెళతాను, పాపం కడిగేసుకుంటాను అనుకున్నాను. మొట్టమొదటిసారి ఎడంపక్క కూర్చున్నాను. తాళం తిప్పితే ఒక్క దెబ్బకి లేచింది. నాలుగు నెలలు దానం పక్కన కూర్చుని చూసేను కదా, వచ్చేసిందనుకున్నాను. వీధి చివరిదాకా బాగానే వెళ్ళింది. చర్చి ముందు కాలువగట్టు మలుపు తెలుసుగా. దాళ్వా పంటకి నీళ్ళు వదిలేరు, కాలువ నిండుగా ఉంది. అలవాటు కొద్దీ చేతులు కుడిపక్క కమ్మీ మీదకి పోయేయి నాయనా! చక్రం వదిలేసి కమ్మీ పట్టుకుని శుభ్రంగా ఎడమకి తిప్పేను. బండి నేరుగా కాలువలోకి దిగింది. ముందు సగం నీళ్ళల్లో, తోకలు రెండూ ఆకాశంలో, బంతిపూలు కాలువ వెంబడి రాజోలు వేపు వెళ్ళిపోయేయి.

భోజనాల బంతిలో జనం విస్తళ్ళ ముందునుంచి లేచి వచ్చేరు. అందరికన్నా ముందు దూకింది దానం, ఆ కొత్త ప్యాంటుతోనే. నా చంకల కింద చేతులు వేసి లాగి, "దెబ్బలేం తగల్లేదు కదండీ, తల చూపించండి" అన్నాడు. నన్ను గట్టున కూర్చోబెట్టేక అప్పుడు వెనక్కి తిరిగి బండిని చూసేడు. రొమ్ములోతు నీళ్ళలో నిలబడి బానెట్టు మీద చెయ్యి వేసి ఉంచేడు చాలాసేపు. రెండున్నరేళ్ళ ఆదివారాలయ్యా అవి. నాకు ఏడుపొచ్చింది, కాలువ నీళ్ళని తుడుచుకుంటున్నట్టు తుడుచుకున్నాను. ఈలోగా ఎవడో, "దానం చేతికి లేవంది రాజుగారి చేతికి లేచిందండోయ్!" అని అరిచేడు. అంతా అవునవునన్నారు. దానం బంపరుకి మోకు కడుతూ, తలెత్తకుండా, "ఆయ్, ఆరి చెయ్యి మంచిదండి" అన్నాడు. నేను విన్నాను. విని ఊరుకున్నాను. నా జీవితంలో నేను చేసిన పనుల్లో కాలువలో పడ్డం పెద్ద తప్పేం కాదు. ఇదీ అసలు తప్పు.

కొబ్బరి దింపేవాళ్ళ మోకులు నాలుగు పేని, నలభైమంది లాగి గట్టుకెక్కించేరు. ఇంజిన్ నిండా నీళ్ళు. అందరూ ఇంక దీన్ని కొట్లోకి నెట్టేద్దాం అంటుంటే దానం సలోమిని పిలిచేడు. "ఎక్కమ్మా. అబ్బాయిగారూ, మీరూ ఎక్కండి" అన్నాడు. పీచు సీటు నీళ్ళు పీల్చి ఉంది, పెళ్ళికూతురు కూర్చుంటే చీర తడిసి ముద్దయింది. పిల్ల పకపకా నవ్వింది. దానం స్టీరింగు దగ్గర కూర్చున్నాడు, జనం తాడు పట్టుకున్నారు. కుడిపక్క సీటు ఖాళీగా ఉంది. దానం వంగి ఆ తలుపు తీసి, "రండి రాజుగారూ" అన్నాడు. అప్పటికీ నా సీటు నాకు ఉంచేడు చూడు. ఎలా ఎక్కను? వెళ్ళి తాడు పట్టుకున్నాను. ఒళ్ళంతా బురద, పంచె మోకాళ్ళ పైకి, మా వీధిలోంచి, మా బంధువుల అరుగుల ముందునుంచి పేట దాకా లాగేను. చిన్నబ్బాయి అరుగు మీదనుంచి లేచి లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు. పార్వతి మాత్రం గుమ్మంలోకొచ్చి ఆ పిల్లకి హారతిచ్చింది.

తరవాత ఇంజిన్ లేవలేదు. దానం ఇంకో ఏడాది ప్రయత్నం చేసేడు, కావల్సిన ముక్కలు మన దేశంలో దొరకలేదు. ఆ ముక్క ఎవరు తీసేరండీ అని నన్నెప్పుడూ అడగలేదు. అడిగితే చెప్పేసేవాణ్ణేమో. వాకిట్లోకొచ్చి నిలబడితే, ఈరోజు చెబుదాం అనుకుని, కాఫీ తాగుతావా అనేవాణ్ణి. అంతర్వేది పడవలవాళ్ళు నెమ్మదిగా వేరే మెకానిక్కుల దగ్గరికి పోయేరు. సొంత కూతురి పెళ్ళికే బండి లేపలేనివాడు మన ఇంజినేం చూస్తాడ్లే అని ఓ మాట పుట్టింది. నాకూ చెవినబడింది. రెండువేల ఐదులో షెడ్డులో పనిచేస్తూ చేస్తూ ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. ఏభై ఎనిమిదేళ్ళు.

సమాధుల తోటలో పాస్టరుగారు, రాజుగారూ మీరు కూడా రెండు మాటలు చెప్పండి అన్నారు. నిలబడ్డాను. "ఆ కారు నేనెప్పుడూ తోల్లేదండి, దానమే తోలేడు" అన్నాను. జనం అప్పుడే విన్నట్టు, ఎంతో మర్యాదగా తలలూపేరు. అక్కడితో కూర్చోవచ్చు. కూర్చోలేదు. "పెళ్ళిరోజు బండి పాడవలేదండి. నేనే ముక్క తీసి జేబులో దాచేను" అన్నాను. ఈసారి ఒక్క తలా కదల్లేదు. ఐదేళ్ళూ దానం ఇంట్లో కూడా చెప్పలేదన్నమాట. సలోమి లేచి నిలబడింది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. నా దగ్గరికొచ్చి, చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది. "అయితే మా నాన్న పనిలో తేడా రాలేదాండీ?"

రాలేదమ్మా అన్నాను.

"ప్రతి క్రిస్మస్‌కీ ఆ బండి సంగతెత్తి నాన్నని ఆటపట్టించేనండి" అంది. "నవ్వేసేవాడు" అంది.

...

ఎండ దిగిపోతోందయ్యా, ఆ ఫోటోలేవో తీసుకో. పిల్లనీ పిల్లాణ్ణీ రమ్మను.